గూగుల్‌కి దూరం జరగాలంటే ఏది ముందు, ఏది తర్వాత

తమ వివరాలు గూగుల్ వంటి కంపెనీలకు చేరకూడదని ఒక్క సెలవు రోజున కూర్చుని జీమెయిల్ వదిలేసి, వాట్సాప్ తీసేసి, ఫోన్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నవాళ్లలో చాలామంది నెల తిరిగేసరికి మళ్లీ పాత దారికే వస్తారు. ఏదో ఖాతా పాస్‌వర్డ్ మార్చాలంటే లింకు పాత మెయిల్‌కి పోతుంది. ఇంట్లోవాళ్ల గ్రూపులో ఏం జరుగుతోందో తెలియదు. టెన్షన్ పెరిగి చేతులెత్తేస్తారు. వాళ్ల పట్టుదలకు వంక పెట్టాల్సిన పనిలేదు, వరుస తప్పిందంతే.

అందుకే ఇక్కడ వరుస గురించే ఎక్కువ చెబుతాను. మీరు ఎవరినీ అడగకుండా మార్చుకోగలిగినవి ముందు. ఇతరులతో ముడిపడినవి ఆ తర్వాత. వెనక్కి రావడం కష్టమైనవి చివర. ఈ లెక్కన బ్రౌజర్, సెర్చ్, పాస్‌వర్డ్‌లు, మెయిల్, మెసేజింగ్, ఫొటోలు, ఆఖరికి ఫోన్. ఒక్కోదానికీ మధ్య రెండు మూడు వారాలు గడవనివ్వండి. ఇంకో మాట: పాత ఖాతా దేన్నీ ఇప్పుడే మూసేయకండి. సగం దూరం వచ్చి ఆగిపోయినా ఆ సగం మీకు దక్కినట్టే.

బ్రౌజర్

పది నిమిషాల పని, ఫలితం మాత్రం అన్నిటికన్నా ఎక్కువ. మీరు ఏ సైటుకు వెళ్లారు, అక్కడ ఏం వెతికారు, తర్వాత ఎక్కడికి వెళ్లారు అన్న దారంతా బ్రౌజర్‌లోంచే పోతుంది కాబట్టి మొదలు ఇక్కడే.

ముందుగా ఒక భ్రమ తీసేయాలి. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిస్తే మీ కంప్యూటర్‌లో హిస్టరీ మిగలదు, అంతవరకే. మీరు చూసిన సైటుకూ, ఆ సైటులో కూర్చున్న ప్రకటనల కంపెనీకీ, మీ ఇంటర్నెట్ కంపెనీకీ మీరు కనబడుతూనే ఉంటారు. ఇన్‌కాగ్నిటోలో కూడా సమాచారం సేకరించారంటూ 2020లో అమెరికాలో గూగుల్ మీద కేసు పడింది. 2024లో రాజీ కుదిరి, అలా పోగైన కోట్లాది రికార్డులను తుడిచేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది.

నా సలహా ఫైర్‌ఫాక్స్. దాన్ని తయారుచేసే మొజిల్లా వెనక లాభాపేక్ష లేని ఫౌండేషన్ ఉంది. అయితే ఆ సంస్థ ఆదాయంలో పెద్ద భాగం గూగుల్ నుంచే వస్తుంది, ఫైర్‌ఫాక్స్‌లో గూగుల్‌ను మొదటి సెర్చ్‌గా పెట్టినందుకు. ఇది మీకు తెలిసి ఉండాలి. అయినా ఫైర్‌ఫాక్స్‌నే ఎందుకు అంటున్నానంటే, ప్రకటనలనూ, సైటు నుంచి సైటుకు మిమ్మల్ని వెంటాడే ట్రాకర్లనూ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు జోడించుకునే చిన్న ప్రోగ్రామ్) అన్నిటికన్నా బాగా పనిచేసేది ఇందులోనే. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మారిపోయి, 2025కల్లా అక్కడ అసలు యూబ్లాక్ ఆరిజిన్ నడవకుండా పోయింది. దాని లైట్ వెర్షన్ ఒకటే మిగిలింది.

ఫైర్‌ఫాక్స్ వేసుకోగానే అడిగే మొదటి ప్రశ్న, పాత బ్రౌజర్‌లోంచి బుక్‌మార్క్‌లు తెచ్చుకోవాలా అని. తెచ్చుకోండి. పాస్‌వర్డ్‌లను మాత్రం ఇప్పుడు తేవద్దు, వాటికి వేరే చోటు చూపిస్తాను. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లండి. ట్రాకింగ్ ప్రొటెక్షన్ దగ్గర స్టాండర్డ్ అని ఉంటుంది, దాన్ని స్ట్రిక్ట్ చేయండి. ఎప్పుడైనా ఏదో సైటులో బటన్ నొక్కినా పలకకపోతే, అడ్రస్ పట్టీ పక్కనున్న డాలు గుర్తు నొక్కి ఆ ఒక్క సైటుకు ఆపేస్తే సరిపోతుంది. అదే పేజీలో కిందికి వెళ్తే హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ మోడ్ ఉంటుంది, సైటుతో మీ మాటలకు తాళం పడేలా చూసేది, అన్ని విండోలకూ ఆన్ చేయండి. మొజిల్లాకు సాంకేతిక సమాచారం పంపే టిక్కులు కూడా అక్కడే ఉంటాయి, తీసేయండి.

ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ల పేజీలో యూబ్లాక్ ఆరిజిన్ అని వెతికి వేసుకోండి. పేరు పూర్తిగా చూసుకోవాలి, తయారుచేసినవారు రేమండ్ హిల్ అని ఉండాలి. ఇంచుమించు అదే పేరుతో వేరేవీ తిరుగుతుంటాయి. వేసుకున్నాక మీరు రోజూ చదివే వార్తల సైటు ఒకటి తెరిచి, పైన కుడివైపు ఎర్ర డాలు మీద కనిపించే అంకె చూడండి. ఆ ఒక్క పేజీలో ఆపేసిన అభ్యర్థనల లెక్క అది. గుర్తు మీద నొక్కితే ఎన్ని వేర్వేరు డొమైన్లతో (సైటు చిరునామాలతో) మీ బ్రౌజర్ మాట్లాడిందో కూడా కనిపిస్తుంది. ఒక వార్త చదవడానికి అంతమంది ఎందుకో మీకే అనుమానం వస్తుంది.

ఆ ఉత్సాహంలో మరో నాలుగు ప్రైవసీ ఎక్స్‌టెన్షన్లు వేసుకోకండి. ఒక్కో ఎక్స్‌టెన్షన్ మీ బ్రౌజర్‌ను అందరి బ్రౌజర్ల నుంచి కాస్త వేరుగా కనబడేలా చేస్తుంది. అలా వేరుగా కనబడటమే ఆధారంగా కుకీలు (సైట్లు మీ బ్రౌజర్‌లో దాచే గుర్తు ఫైళ్లు) లేకుండానే మనిషిని గుర్తుపట్టే పద్ధతులున్నాయి. ఒక్కటి చాలు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లోని ఫైర్‌ఫాక్స్‌లోనూ యూబ్లాక్ ఆరిజిన్ పనిచేస్తుంది. ఐఫోన్‌లో ఆ సౌకర్యం లేదు. ఐఫోన్ ఉన్నవాళ్లు సఫారీలోనే ఉండి, దానికి యూబ్లాక్ ఆరిజిన్ లైట్ పెట్టుకోవడం మేలు. క్రోమ్ అలవాటు అస్సలు వదలలేనంటే బ్రేవ్ వాడండి. క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం మీదే కట్టారు కాబట్టి కొత్తగా అనిపించదు, ప్రకటనలను ఆపే పని మొదటి నుంచే అందులో ఉంది. క్రిప్టో, రివార్డుల వంటి అదనపు హంగులు కనిపిస్తే సెట్టింగ్స్‌లో ఆపేసుకోవచ్చు. టార్ బ్రౌజర్ సంగతి వేరు. అది మీ దారిని మూడు కంప్యూటర్ల మీదుగా తిప్పి పంపుతుంది, అందుకే నిదానం. ఎవరు వెతుకుతున్నారో తెలిస్తే ప్రమాదమయ్యే విషయాలకు అది ఉండాలి, రోజువారీ పనికి అక్కర్లేదు.

సెర్చ్

బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సెర్చ్ విభాగం తెరిచి గూగుల్ బదులు డక్‌డక్‌గో ఎంచుకోండి. ఫలితాలు ఎక్కువగా మైక్రోసాఫ్ట్ వారి బింగ్ నుంచే వస్తాయి, కానీ మీ వెతుకులాటను మీ పేరు మీద చరిత్రగా పేర్చిపెట్టరు. సొంత సూచిక మీద నడిచేది కావాలంటే బ్రేవ్ సెర్చ్. గూగుల్ ఫలితాలే కావాలి, గూగుల్‌కు మాత్రం నేను కనబడకూడదు అనుకుంటే స్టార్ట్‌పేజ్.

ఒకటి ఒప్పుకోవాలి. తెలుగులో వెతికినప్పుడు గూగుల్ ఇచ్చినంత బాగా ఇవి ఇవ్వవు. అలాంటప్పుడు డక్‌డక్‌గోలో మీ ప్రశ్న ముందు ఆశ్చర్యార్థకం గుర్తు, దాని వెంటే ఇంగ్లీషు జి అక్షరం కొట్టి వెతికితే ఆ ఒక్కసారికి నేరుగా గూగుల్‌కి తీసుకెళ్తుంది. దీన్ని ఓటమిగా లెక్కేయకండి. పదింట ఎనిమిది వెతుకులాటలు గూగుల్‌కి చేరకపోతే అదే పెద్ద మార్పు.

పాస్‌వర్డ్‌లు

మెయిల్ మార్చే ముందు ఈ పని తప్పకుండా అవ్వాలి. మీకు ఎక్కడెక్కడ ఖాతాలున్నాయో తెలియకుండా మెయిల్ మార్చడం మొదలుపెడితే సగంలో దారి తప్పుతారు.

బిట్‌వార్డెన్‌లో ఖాతా తెరవండి. కోడ్ అందరూ చూడగలిగేలా ఉంటుంది, ఉచిత ఖాతాలోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని పరికరాల్లోనైనా పెట్టుకోవచ్చు. అసలు ఇంటర్నెట్‌లోనే పెట్టనంటారా, కీపాస్ ఎక్స్‌సీ ఉంది. అది మీ కంప్యూటర్‌లోనే తాళం వేసిన ఒక ఫైలుగా ఉంటుంది, దాని బ్యాకప్ బాధ్యత మీదే. రెంటికీ మాస్టర్ పాస్‌వర్డ్ ఒకటి కావాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదారు మామూలు మాటలు కలిపి పెట్టుకుంటే గుర్తుంటుంది, ఊహించడమూ కష్టం. దాన్ని కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగా ఉంచండి, ఎందుకంటే మర్చిపోతే తిరిగి ఇవ్వగలిగినవారు ఎవరూ లేరు.

క్రోమ్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒక సీఎస్‌వీ ఫైలు దిగుతుంది. దాన్ని బిట్‌వార్డెన్‌లో ఇంపోర్ట్ చేయండి. ఇక్కడ జాగ్రత్త: ఆ ఫైలుకు తాళం ఉండదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మీ పాస్‌వర్డ్‌లన్నీ వరుసగా చదవొచ్చు. ఇంపోర్ట్ అయిన వెంటనే తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ దానంతటదే క్లౌడ్‌లోకి ఎక్కే ఏర్పాటు ఉంటే ముందే ఆపుకోండి. ఆ తర్వాత క్రోమ్‌లో, గూగుల్ ఖాతాలో ఉన్న పాస్‌వర్డ్‌లను తుడిచేయొచ్చు.

రెండో దశ కోడ్‌ల కోసం, అంటే లాగిన్‌లో పాస్‌వర్డ్ తర్వాత అడిగే అంకెల కోసం, ఆండ్రాయిడ్‌లో ఏజిస్, ఏ ఫోన్‌లోనైనా ఎంటే ఆథ్ అనే యాప్‌లు బాగుంటాయి.

మెయిల్

అసలు చిక్కంతా ఇక్కడే. మీ బ్యాంకు, బీమా, ఉద్యోగం, కరెంటు బిల్లు, అన్నీ ఒక్క జీమెయిల్ చిరునామాకు వేలాడుతుంటాయి. ఓపిక కావాలి, తెలివితేటలు పెద్దగా అక్కర్లేదు.

ఎంపికలు ప్రధానంగా రెండు. స్విట్జర్లాండ్‌లోని ప్రోటాన్ మెయిల్, జర్మనీలోని టూటా. రెండూ మీ మెయిల్‌ను తాము కూడా చదవలేని విధంగా తాళం వేసి దాస్తాయి. టూటాలో సబ్జెక్ట్ లైన్‌కూ ఆ తాళం పడుతుంది, ప్రోటాన్‌లో పడదు. పాత మెయిల్స్ తెచ్చుకోవడం మాత్రం ప్రోటాన్‌లో తేలిక, అందుకే మొదటిసారి మారేవాళ్లకు అదే చెబుతాను.

వీటి నుంచి ఏం ఆశించాలో కూడా తెలుసుకోండి. మీరు ప్రోటాన్ నుంచి జీమెయిల్ ఉన్నవారికి రాస్తే ఆ ఉత్తరం వాళ్ల జీమెయిల్ పెట్టెలో మామూలుగానే ఉంటుంది. 2021లో ఒక ఫ్రెంచ్ ఉద్యమకారుడి విషయంలో స్విస్ అధికారుల ఆదేశం మేరకు ప్రోటాన్ ఆయన ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో ఆయన కనెక్షన్‌ను గుర్తించే అంకె) నమోదు చేసి ఇవ్వాల్సి వచ్చింది. మెయిల్స్‌లో ఏముందో మాత్రం ఇవ్వలేదు, ఇవ్వలేదు కూడా సరైన మాట కాదు, ఇవ్వగలిగే వీలే వాళ్ల దగ్గర లేదు. చట్టానికి అందకుండా దాక్కోవడానికి ఇది పనికిరాదు. ప్రకటనల వ్యాపారం నుంచి మీ ఉత్తరాలను వేరు చేయడానికి బాగా పనికొస్తుంది.

ఖాతా తెరవగానే రికవరీ ఫ్రేజ్ (ఖాతాను తిరిగి పొందడానికి ఇచ్చే మాటల వరుస) తీసుకుని కాగితం మీద రాసుకోండి. అది లేకుండా పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ చేస్తే ఖాతాలోకి వెళ్తారు గానీ పాత ఉత్తరాలు చదవలేరు. తాళం అంత గట్టిది కావడమే అందుకు కారణం.

తర్వాత ఈజీ స్విచ్ అనే సాధనంతో పాత మెయిల్స్, కాంటాక్ట్‌లు, క్యాలెండర్ తెచ్చుకోండి. ఏళ్ల తరబడి పేరుకున్నదంతా ఉచిత ఖాతాలో పట్టకపోవచ్చు. ఇటీవలివి తెచ్చుకుని, మిగతావి మీ సమాచారం దించుకోవడానికి గూగులే ఇచ్చే టేకవుట్ సేవ ద్వారా దించి హార్డ్ డిస్క్‌లో పెట్టుకుంటే చాలు. ఇక జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ విభాగానికి వెళ్లి కొత్త చిరునామా ఇవ్వండి. నిర్ధారణ కోడ్ కొత్త పెట్టెకు వస్తుంది. ఇప్పటి నుంచి పాత చిరునామాకు వచ్చినవన్నీ కొత్త పెట్టెలో వాలతాయి. పాత చిరునామాకు వచ్చినవాటికి "పాతది" అని లేబుల్ పడేలా ఒక ఫిల్టర్ పెట్టండి.

ఆ లేబులే మీ పనుల జాబితా. "పాతది" అని ఏ మెయిల్ వచ్చినా రెండే పనులు: ఆ సైటుకు వెళ్లి చిరునామా మార్చడం, లేదా అన్‌సబ్‌స్క్రైబ్ కొట్టడం. కూర్చుని అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు, వచ్చినవాటిని వచ్చినట్టు మార్చుకుంటూ పోతే చాలు. మొదట ఏదో చిన్న షాపింగ్ ఖాతాతో అలవాటు చేసుకుని, కొత్త పెట్టె సజావుగా నడుస్తోందని నమ్మకం కుదిరాక బ్యాంకుల జోలికి వెళ్లండి. ఏడాదికోసారి మాత్రమే మెయిల్ పంపే బీమా, పన్నుల వంటివి ఈ లేబుల్‌కి ఆలస్యంగా తగులుతాయి. వాటిని బిట్‌వార్డెన్ జాబితా చూసి మార్చండి.

చాలామంది తట్టుకుని పడేది ఇంకోచోట. "సైన్ ఇన్ విత్ గూగుల్" బటన్ నొక్కి చేరిన సైట్లలో మీకు పాస్‌వర్డే ఉండదు. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ విభాగంలో, మీరు అనుసంధానించిన బయటి యాప్‌ల జాబితా ఉంటుంది. ఒక్కొక్కటీ తెరిచి, ముందు అక్కడ పాస్‌వర్డ్ పెట్టుకుని, మెయిల్ మార్చి, ఆ తర్వాతే గూగుల్‌తో లంకె తెంపండి. తలకిందులుగా చేస్తే బయటే నిలబడిపోతారు.

కొత్త సైట్లకు మీ అసలు చిరునామా ఇవ్వకండి. సింపుల్‌లాగిన్ వంటి సేవలు ఒక్కో సైటుకు ఒక్కో మారు చిరునామా ఇస్తాయి. చెత్త మెయిల్ మొదలైతే ఎవరి నుంచి బయటికి పోయిందో తెలుస్తుంది, ఆ ఒక్కదాన్ని ఆపేయొచ్చు.

పాత జీమెయిల్‌ను అలాగే ఉంచండి, అప్పుడప్పుడు లాగిన్ అవుతూ ఉండండి. రెండేళ్లు వాడని ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ 2023 నుంచి నియమం పెట్టుకుంది. ప్రోటాన్, టూటా ఉచిత ఖాతాలకూ వాడకపోతే ఇలాంటి గడువులే ఉన్నాయి, చేరేటప్పుడే చదువుకోండి.

మెసేజింగ్

ఇక్కడ నా సలహా సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్. వాట్సాప్ సందేశాలకు 2016 నుంచి ఆ సిగ్నల్ వారి తాళం పద్ధతే (సిగ్నల్ ప్రొటోకాల్) వాడుతోంది, కాబట్టి మీరు రాసింది మధ్యలో ఎవరూ చదవలేరు. మీరు ఎవరితో, ఎప్పుడు, ఎంత తరచుగా మాట్లాడుతున్నారన్న వివరం వాట్సాప్ యజమాని మెటా చేతిలో ఉండటమే సమస్య. సిగ్నల్‌కు 2016లో అమెరికా కోర్టు నుంచి వివరాలు ఇమ్మని ఆదేశం వస్తే వాళ్లు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కనెక్ట్ అయిన రోజు. ఇంకేం దాచుకోలేదు కాబట్టి ఇంకేం ఇవ్వలేకపోయారు.

అందరినీ సిగ్నల్‌కి రమ్మని బతిమాలకండి. మీరు రోజూ మాట్లాడే ఇద్దరు ముగ్గురిని ఒప్పించండి, మీరే వాళ్ల ఫోన్‌లో వేసి పెట్టండి. మిగతా గ్రూపుల కోసం వాట్సాప్ ఉంచుకుని, సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్‌కు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మధ్యలో కంపెనీ కూడా చదవలేని తాళం) ఆన్ చేయండి. అది ఆన్ చేయకపోతే, క్లౌడ్‌లోకి ఎక్కే కాపీకి ఆ తాళం ఉండదు. సిగ్నల్‌లో చేరడానికి ఫోన్ నంబరు కావాలి, కానీ 2024 నుంచి యూజర్‌నేమ్ పెట్టుకుని నంబరును ఇతరులకు కనబడకుండా చేయొచ్చు.

టెలిగ్రామ్‌ను ప్రైవసీ యాప్ అనుకునేవాళ్లు ఎక్కువ. అక్కడ మామూలు చాట్‌లకు ఎండ్ టు ఎండ్ తాళం లేదు, గ్రూపులకు అసలే లేదు. సీక్రెట్ చాట్ అని విడిగా తెరిస్తేనే.

ఫొటోలు, మ్యాపులు, మిగతావి

ఫొటోలకు ఎంటే వాడొచ్చు, తాళం వేశాకే సర్వర్‌కి పంపుతుంది. గూగుల్ ఫొటోస్ నుంచి టేకవుట్‌లో దించినప్పుడు తేదీ, స్థలం వివరాలు విడి ఫైళ్లుగా వస్తాయి. ఎంటే డెస్క్‌టాప్ యాప్ వాటిని కలుపుకుంటుంది, కాబట్టి జిప్ ఫైళ్లలోంచి ఫొటోలను మాత్రమే ఏరుకోకండి. మ్యాపులకు ఆర్గానిక్ మ్యాప్స్ ఉంది. ప్రాంతం ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే దారి చూపిస్తుంది, కానీ ట్రాఫిక్ ఎంతుందో చెప్పదు. దానికి ఆధారమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను 2004 నుంచి మామూలు మనుషులే గీస్తున్నారు. మీ వీధి అందులో లేకపోతే మీరే చేర్చవచ్చు. డాక్యుమెంట్లకు లిబ్రె ఆఫీస్.

వీపీఎన్ ఇంతవరకు రాకపోవడం మీరు గమనించి ఉంటారు. ఇంటర్నెట్ కంపెనీ చూసేదాన్ని వీపీఎన్ కంపెనీకి చూపించడమే అది చేసే పని. గూగుల్‌లో లాగిన్ అయి వీపీఎన్ పెట్టుకుంటే గూగుల్‌కు మీరు మీరే. డబ్బులు దానికి పెట్టేకన్నా మంచి మెయిల్‌కు పెట్టడం నయం.

ఫోన్

ముందు మీ దగ్గరున్న ఫోన్‌నే దారికి తెచ్చుకోండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్ తెరిచి అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేయండి. గూగుల్ ఖాతాలో వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ ఆపి, పాతది తుడిచేయండి. ప్రైవసీ డ్యాష్‌బోర్డ్‌లో ఏ యాప్ లొకేషన్, మైక్ ఎప్పుడు తీసుకుందో కనిపిస్తుంది, అక్కర్లేనివాటికి అనుమతి తీసేయండి. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర (డీఎన్ఎస్ అంటే సైటు పేరు నుంచి దాని చిరునామా వెతికి ఇచ్చే సేవ) క్వాడ్ 9 వంటిది పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో ట్రాకింగ్ విభాగంలో యాప్‌లు అడిగే వీలే లేకుండా ఆపేయండి. ఐక్లౌడ్‌లో మీరు దాచినవాటికి ఎండ్ టు ఎండ్ తాళం వేసే అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ మీ దగ్గర దొరికితే ఆన్ చేయండి. చాలామందికి ఇక్కడితో ఆగినా బాగా ముందుకొచ్చినట్టే.

అంతకు మించి వెళ్లాలనుకునేవాళ్లకు గ్రాఫీన్ ఓఎస్, ఆండ్రాయిడ్ మీదే కట్టిన, గూగుల్ సేవలు ముందే వేసి ఉండని ఆపరేటింగ్ సిస్టమ్. ఇది గూగుల్ వారి పిక్సెల్ ఫోన్ల మీద నడుస్తూ వచ్చింది. గూగుల్‌ను వదలడానికి గూగుల్ ఫోన్ కొనడమేమిటని అనిపిస్తుంది. వేరే సిస్టమ్ వేశాక మళ్లీ బూట్‌లోడర్‌కు (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) తాళం వేసుకునే వీలు పిక్సెల్‌లో సరిగ్గా ఉంది, కారణం అదే. అలాంటిదే మరో సిస్టమ్ లీనియేజ్ ఓఎస్ చాలా రకాల ఫోన్లకు దొరుకుతుంది గానీ, ఎక్కువ వాటిలో ఆ తాళం తెరిచే ఉండిపోతుంది. ఫోన్ వేరేవాళ్ల చేతిలో పడితే అది బలహీనత. పాత ఫోన్‌కు అప్‌డేట్లు ఆగిపోయి ఉంటే మాత్రం లీనియేజ్ దానికి మళ్లీ ప్రాణం పోస్తుంది.

పిక్సెల్ కొనే ముందు అది ఏ నెట్‌వర్క్‌కూ లాక్ కానిదని ఖాయం చేసుకోండి. లాక్ అయిన ఫోన్లలో చాలాసార్లు వేరే సిస్టమ్ వేసుకోనిచ్చే ఓఈఎం అన్‌లాకింగ్ మీట బూడిద రంగులో ఉండి కదలదు. లాక్ లేని ఫోన్ అయితే, అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు తట్టి డెవలపర్ ఆప్షన్స్ తెప్పించి, ఆ మీట ఆన్ చేయండి. కంప్యూటర్‌లో గ్రాఫీన్ ఓఎస్ వెబ్ ఇన్‌స్టాలర్ పేజీ తెరవండి. ఈ ఒక్క పనికి ఫైర్‌ఫాక్స్ కుదరదు, యూఎస్‌బీ ద్వారా ఫోన్‌తో మాట్లాడే వీలు క్రోమియం తరహా బ్రౌజర్లలోనే ఉంది. వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకుని ఫోన్ ఆన్ చేసి, మంచి కేబుల్‌తో కలిపి, పేజీలోని బటన్లు వరుసగా నొక్కుతూ పోవాలి. బూట్‌లోడర్ తెరవడం, దించుకోవడం, ఎక్కించడం, మళ్లీ తాళం వేయడం. తెరిచినప్పుడు ఒకసారి, తాళం వేసినప్పుడు ఒకసారి ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది. ఆఖరి తాళం మర్చిపోతే ఇంత శ్రమకూ సగం ఫలితమే.

ప్లే స్టోర్ యాప్‌లు కావాలంటే గూగుల్ ప్లేను మామూలు యాప్‌లా, ప్రత్యేక అధికారాలేవీ లేకుండా వేసుకోవచ్చు. మిగతా చాలా అవసరాలకు ఎఫ్-డ్రాయిడ్ ఉంది, కోడ్ అందరికీ కనిపించే యాప్‌ల స్టోర్ అది. చిక్కు బ్యాంకు యాప్‌లతోనే. కొన్ని నిక్షేపంలా పనిచేస్తాయి, కొన్ని గూగుల్ ధ్రువీకరించిన సిస్టమ్ కాదంటూ తెరుచుకోవు. మీ బ్యాంకు యాప్ పరిస్థితేమిటో కొనకముందే గ్రాఫీన్ వాడేవాళ్లు కూడబెట్టిన జాబితాల్లో వెతకండి. తెరుచుకోకపోతే బ్రౌజర్‌లో బ్యాంకు సైటు వాడుకోవచ్చేమో చూడండి.

పాత ఫోన్‌ను వెంటనే అమ్మేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. రెండో దశ కోడ్‌లు కొత్తదానిలో వస్తున్నాయా, సిగ్నల్ చాట్‌లు బదిలీ అయ్యాయా, వాట్సాప్ కొత్త ఫోన్‌లో తెరుచుకుందా, బ్యాంకులోకి ఒకసారి వెళ్లి చిన్న మొత్తం పంపగలిగారా, ఇవన్నీ చూసుకున్నాకే దాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.